గుడ్డును కడుపులోనే దాచుకునే పాములు, బల్లులు

శ్రోతలకు నమస్కారం.

పాము గుడ్లు పెడుతుందా, పిల్లల్ని పెడుతుందా అని అడిగితే చాలామంది క్షణం కూడా ఆలోచించకుండా గుడ్లే అంటారు. నాగుపాము సంగతిలో అది నిజమే. కట్లపాము, జెర్రిపోతు, కొండచిలువ కూడా గుడ్లు పెట్టేవే. కానీ రక్తపింజరి గుడ్ల కోసం ఎంత వెతికినా దొరకవు. అది నేరుగా పిల్లల్నే పెడుతుంది. ఒకటో రెండో కాదు, మామూలుగా ఒక్కో కాన్పులో 20 నుంచి 40 దాకా. ఆకుల్లో ఆకులా కలిసిపోయే పసిరిక పాము కూడా పిల్లల్ని పెట్టేదే. తోక కూడా తలలాగే కనబడటం వల్ల రెండు తలల పామని పేరు తెచ్చుకున్న పామూ అంతే. ఒడ్డుకు రాకుండా సముద్రంలోనే బతికే పాములు, అమెజాన్ నీళ్లలో తిరిగే అనకొండ, తూర్పు ఆఫ్రికాలోని మూడు కొమ్ముల ఊసరవెల్లి, ఇలా చెప్పుకుంటూ పోతే పట్టిక చాలా పొడవు.

సరీసృపాలు గుడ్లు పెడతాయి, క్షీరదాలు పిల్లల్ని కంటాయి అని బళ్లో నేర్చుకుంటాం. ఆ వాక్యంలో మొదటి సగమూ పూర్తి నిజం కాదు, రెండో సగమూ కాదు. ప్లాటిపస్ క్షీరదమే, అయినా గుడ్డు పెడుతుంది. ఇక పాములు, బల్లులు కలిపి చూస్తే సుమారు ఐదింట ఒక వంతు జాతులు పిల్లల్నే పెడతాయి. పరీక్షలో మార్కులకు ఆ వాక్యం పనికొస్తుందేమో గానీ, అంతకు మించి దాన్ని నమ్ముకోనక్కర్లేదు.

ఇంకో విచిత్రం చూడండి. క్షీరదాల్లో పిల్లల్ని కనే పద్ధతి ఒక్కసారే మొదలైందని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆవూ, ఏనుగూ, గబ్బిలమూ, మనమూ అందరం ఆ ఒక్క ఆరంభానికి వారసులం. పాములు, బల్లుల్లో అలా కాదు. వేర్వేరు వంశాల్లో, వేర్వేరు ఖండాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వందకు పైగా సార్లు ఈ పద్ధతి పుట్టింది. ఇన్నిసార్లు పుట్టిందంటే అది మరీ అసాధ్యమైన పని అయ్యుండదు. నిజానికి దాని వెనకున్న మార్పు వినడానికి చాలా చిన్నది. గుడ్డును పెట్టడం ఆలస్యం చేయడం, అంతే.

గుడ్లు పెట్టే బల్లి కూడా గుడ్డు తయారైన వెంటనే పెట్టెయ్యదు. చాలా జాతుల్లో పిండం పెరుగుదల సుమారు మూడో వంతు తల్లి కడుపులోనే జరిగిపోతుంది. ఆ తర్వాత గుడ్డు బయటికి వస్తుంది. మరి కొన్నాళ్లు ఆపుకుంటే? ఇంకొన్నాళ్లు? చివరికి పిల్ల పూర్తిగా తయారయ్యే దాకా ఆపుకుంటే, గుడ్డు బయటికి రావలసిన అవసరమే ఉండదు. పిల్లే వస్తుంది.

ఎందుకు ఆపుకోవాలి? దీనికి చాలాకాలంగా వినిపిస్తున్న జవాబు చలి. మట్టిలో పెట్టిన గుడ్డుకు మట్టి వేడే గతి. చలి దేశాల్లో నేల చల్లగా ఉంటుంది, వేసవి చూస్తుండగానే అయిపోతుంది. గుడ్డులో పిండం నెమ్మదిగా పెరుగుతూ ఉండగానే చలికాలం వచ్చేస్తే ఇక పొదగదు. కడుపులో ఉన్న గుడ్డుకు ఆ బాధ లేదు. తల్లి పొద్దున్నే బండ మీదికి వచ్చి ఎండకు ఒళ్లు కాచుకుంటుంది. ఎండ జరిగితే తనూ జరుగుతుంది. ఎక్కువైతే నీడకు పోతుంది. గాలి చల్లగా ఉన్నా ఆమె ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఆమెతో పాటు గుడ్లూ వెచ్చగా ఉంటాయి. సూర్యుడు గూటి దగ్గరికి రాడు కాబట్టి గూడే సూర్యుడి దగ్గరికి నడిచి వెళుతుందన్నమాట.

ఈ మాట ఉత్త ఊహ కాదనడానికి యూరప్‌లో ఒక చిన్న బల్లి ఉంది. శాస్త్రీయ నామం జూటోకా వివిపారా. ఐర్లండ్ నుంచి తూర్పున జపాన్ ఉత్తర దీవి హొక్కైడో దాకా, ఉత్తరాన ఆర్కిటిక్ వలయం దాటి కూడా కనిపిస్తుంది. అంత చలిలో బతికే బల్లులు లోకంలో దాదాపు లేవు. ఈ విశాలమైన ప్రాంతంలో ఎక్కువ చోట్ల అది పిల్లల్నే పెడుతుంది. కానీ దక్షిణపు అంచుకు, అంటే ఉత్తర స్పెయిన్, నైరుతి ఫ్రాన్స్ వైపు వస్తే అదే బల్లి గుడ్లు పెడుతుంది. ఒకే జాతి, రెండు పద్ధతులు. ప్రయోగశాలలో రెండు రకాలనూ జత కట్టించి చూశారు. వాటికి పుట్టిన ఆడ బల్లులు మధ్యస్థంగా ఉన్నాయి. అవి గుడ్లే పెట్టాయి గానీ, ఆ గుడ్ల పెంకు పలచన, లోపలి పిండం మామూలు కంటే బాగా ఎదిగి ఉంది.

ఆస్ట్రేలియాలో ఇంకా తమాషా అయిన బల్లి ఉంది. కాలికి మూడేసి వేళ్లే ఉండే స్కింక్ అది. స్కింకులంటే నున్నగా మెరిసే ఒళ్లు, పొట్టి కాళ్లు ఉండే బల్లులు. మన నలికండ్ల పాము ఆ కుటుంబానిదే. ఈ మూడు వేళ్ల స్కింక్ సిడ్నీ చుట్టుపక్కల తీరప్రాంతంలో గుడ్లు పెడుతుంది, ఉత్తరాన చల్లని ఎత్తు ప్రాంతాల్లో పిల్లల్ని పెడుతుంది. సిడ్నీ వైపు పెట్టే గుడ్లలో కూడా పిల్ల అప్పటికే దాదాపు తయారై ఉంటుంది, కొద్ది రోజుల్లోనే బయటికి వచ్చేస్తుంది. 2019లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీని గురించి ఒక సంగతి ప్రకటించారు. వాళ్ల దగ్గరున్న ఒక ఆడ స్కింక్ మూడు గుడ్లు పెట్టింది. కొన్ని వారాల తర్వాత అదే చూలులోంచి ఒక పిల్లను ప్రాణంతో కన్నది. ఒకే గర్భంలో గుడ్లూ, పిల్లా రెండూ! వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇలాంటిది అంతకు ముందు ఎవరూ నమోదు చేయలేదు.

అయితే చలితోనే అంతా తేలిపోదు. రక్తపింజరి చలి దేశపు పాము కాదు కదా. సముద్రపు పాముల సంగతి వేరు. నీళ్లు వదలని జీవి గుడ్డు ఎక్కడ పెట్టాలి? సరీసృపాల గుడ్డు గాలి పీల్చుకోవాలి, నీళ్లలో మునిగితే లోపలి పిండం ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకే సముద్రపు కట్లపాములు గుడ్లు పెట్టడానికి ఇప్పటికీ ఒడ్డుకు వస్తాయి. పూర్తిగా నీటికే అంకితమైపోయిన పాములు నీళ్లలోనే పిల్లల్ని పెడతాయి. మిగతావాటికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రిచర్డ్ షైన్ ఒక విశాలమైన వివరణ ఇచ్చాడు. చలే కానక్కర్లేదు, బయటి గూటి కంటే తల్లి తన ఒంట్లో మెరుగైన, నిలకడైన వేడిని ఇవ్వగలిగితే చాలు, గుడ్డును కడుపులో ఉంచుకోవడం లాభమే అంటాడాయన. నాకు ఈ వాదనే ఎక్కువ నచ్చుతుంది. చలి వాదాన్ని కొట్టిపారేయకుండా తనలో కలుపుకుంటుంది కాబట్టి.

సరే, గుడ్డును ఆపుకుంటే కడుపులో ఏం జరుగుతుంది? మొదటి చిక్కు ఊపిరి. పిండం పెరిగే కొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి, మందపాటి పెంకు అడ్డు. కాబట్టి పెంకు పలచబడి, చివరికి సన్నని పొర మాత్రం మిగులుతుంది. ఆ పొరకు అవతల తల్లి గర్భాశయపు గోడ, ఇవతల పిండం చుట్టూ ఉండే పొరలు. రెండూ ఒకదానికొకటి ఆనుకుని, రెండు వైపులా సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. ఆక్సిజన్, నీరు ఇటు వస్తాయి, వ్యర్థాలు అటు పోతాయి. దీన్ని మావి అనే అంటారు శాస్త్రవేత్తలు. మన మావి అంత మందంగా ఉండదు గానీ, చేసే పని అదే.

చాలా జాతుల్లో తిండి మాత్రం గుడ్డులోని పచ్చసొనే. తల్లి ముందే మూట కట్టి ఇచ్చేసింది, పిల్ల పుట్టేదాకా అదే తింటుంది. కానీ దక్షిణ అమెరికాలోని మబూయా అనే స్కింకులు ఈ లెక్కను తలకిందులు చేశాయి. వాటి అండం సుమారు ఒక మిల్లీమీటరు. పచ్చసొన దాదాపు లేనట్టే. పుట్టబోయే పిల్లకు కావలసిన పోషకాల్లో 99 శాతానికి పైగా తల్లి రక్తంలోంచి మావి ద్వారానే అందుతాయి. క్షీరదాలు చేసే పనిని ఒక బల్లి తన దారిలో తాను కనిపెట్టుకుందన్నమాట. ఆఫ్రికాలో ట్రాకిలెపిస్ ఇవెన్సీ అనే మరో స్కింక్ ఇంకాస్త ముందుకు పోయింది. దాని పిండపు కణజాలం గర్భాశయపు గోడలోకి చొచ్చుకుపోయి తల్లి రక్తనాళాల చుట్టూ అల్లుకుంటుంది. ఈ సంగతి 2012లో బయటపడింది.

పుట్టుక మాత్రం సాదాసీదాగా జరిగిపోతుంది. పారదర్శకమైన పొరలో చుట్ట చుట్టుకున్న పిల్ల బయటికి జారుతుంది. కాస్త కదిలి ఆ పొరను చించుకుంటుంది. అప్పటి నుంచి దాని బతుకు దానిదే. రక్తపింజరి పిల్లకు పుట్టినప్పుడే కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. తల్లి పాలిచ్చేది లేదు, నోట్లో తిండి పెట్టేది లేదు. కొన్ని జాతులు మాత్రం కాస్త దగ్గరుంటాయి. అమెరికాలోని ర్యాటిల్‌ స్నేక్ తల్లులు పిల్లలు మొదటి కుబుసం విడిచేదాకా, అంటే వారం పది రోజులు, వాటి పక్కనే ఉంటాయి.

పాము పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయని, దాంతో తల్లి చచ్చిపోతుందని ఒక పాత కథ ఉంది. సుమారు 2,400 ఏళ్ల కిందట గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా పింజర జాతి పాముల గురించి ఇదే రాశాడు. అది నిజం కాదు. ఒకే ఆడ పాము మళ్లీ మళ్లీ పిల్లల్ని పెట్టగలదు.

అలాగని తల్లికి ఇదంతా సులువని కాదు. గుడ్లు పెట్టిన బల్లి ఆ రోజే తేలికైపోతుంది, మళ్లీ తిని, కుదిరితే ఆ ఏడాదే ఇంకో విడత పెడుతుంది. పిల్లల్ని మోసే తల్లికి ఆ వీలుండదు. బరువు వల్ల పరుగు తగ్గుతుంది. ఎండ కోసం ఎక్కువసేపు బయట ఉండాలి, గద్ద కంట పడే ప్రమాదం ఎక్కువ. చూలుతో ఉన్న చాలా పాములు వారాల తరబడి తిండి మానేస్తాయి. చలి దేశాల్లోని పింజర జాతులు ఒక కాన్పు అయ్యాక ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవడానికి ఏడాదో రెండేళ్లో ఆగుతాయి. ఆస్ట్రేలియాలో షింగిల్‌బ్యాక్ అనే మొరటు పొలుసుల బల్లి ఉంది. అది పెట్టేది ఒకటి రెండు పిల్లల్నే, మహా అయితే మూడో నాలుగో. కానీ వాటి బరువు తల్లి బరువులో మూడో వంతు దాకా ఉంటుంది. 60 కిలోల మనిషి కడుపులో 20 కిలోల బిడ్డ ఉన్నట్టు. నెలలు నిండేసరికి తల్లి ఊపిరితిత్తులకు చోటు చాలక నొక్కుకుపోతాయి.

ఇంత మంది చేసిన పనిని తాబేళ్లు, మొసళ్లు ఎందుకు చేయలేదన్న ప్రశ్న మిగిలింది. బతికున్న ఒక్క తాబేలు జాతి కూడా పిల్లల్ని పెట్టదు, ఒక్క మొసలి కూడా పెట్టదు, ఒక్క పక్షి కూడా పెట్టదు. తాబేళ్ల సంగతిలో కొంత తెలిసింది. తల్లి అండవాహికలో ఆక్సిజన్ బాగా తక్కువ. అక్కడ పిండం ఒక దశకు వచ్చాక పెరగడం ఆపేసి నిద్రపోయినట్టు ఉంటుంది, గుడ్డు బయటపడి గాలి తగిలాకే మళ్లీ పెరుగుతుంది. కడుపులో ఎన్నాళ్లు దాచుకున్నా లాభం లేదు, పిండం ముందుకు సాగదు. మొసళ్లకు, పక్షులకు పెంకు దగ్గర చిక్కు ఉండొచ్చని కొందరంటారు. వాటి పిండాలు ఎముకలకు కావలసిన సున్నంలో ఎక్కువ భాగం పెంకులోంచే తీసుకుంటాయి. పెంకు పలచబడితే ఎముకలకు దెబ్బ. పాములు, బల్లుల పిండాలకు ఆ సున్నం ఎక్కువగా పచ్చసొనలోనే దొరుకుతుంది, అందుకే అవి పెంకును వదులుకోగలిగాయి.

అంతరించిపోయిన వాటిని లెక్కలోకి తీసుకుంటే కథ చాలా వెనక్కి పోతుంది. డైనోసార్ల కాలంలో సముద్రాల్లో తిరిగిన ఇక్తియోసార్లు అనే సరీసృపాలు పిల్లల్నే కన్నాయి. జర్మనీలోని హోల్జ్‌మాడెన్‌లో కడుపులో పిల్లలతో శిలాజాలైన తల్లులు ఎన్నో దొరికాయి. 2014లో చైనా నుంచి ఇంకా పాతది వెలుగులోకి వచ్చింది, సుమారు 24 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటిది. ఆ తల్లి శిలాజంలో ఒక పిల్ల కడుపులో ఉంది, ఒకటి బయటపడి పక్కనే ఉంది, ఇంకొకటి సగం బయటికి వచ్చి ఉంది, తల ముందుగా. నీళ్లలో పుట్టే తిమింగలం, డాల్ఫిన్ పిల్లలు సాధారణంగా తోక ముందుగా వస్తాయి. తల ముందుగా రావడం నేల మీది అలవాటు కాబట్టి, ఈ పద్ధతి నేల మీదే మొదలై తర్వాత సముద్రంలోకి వెళ్లిందని ఆ శిలాజాన్ని పరిశీలించినవాళ్లు వాదించారు.

ఇప్పటి సంగతికి వస్తే, చలిలో గెలిపించిన ఈ పద్ధతే వేడిలో ఇరుకున పెడుతోంది. మెక్సికోలో ముళ్ల పొలుసుల బల్లుల్ని 200 చోట్ల పరిశీలించి 2010లో ఒక అధ్యయనం వెలువడింది. 1975 నుంచి చూస్తే 12 శాతం చోట్ల ఆ బల్లులు మాయమయ్యాయి. పిల్లల్ని పెట్టే జాతులకు ఈ ముప్పు గుడ్లు పెట్టేవాటి కంటే సుమారు రెండింతలు ఎక్కువని తేలింది. అవి చల్లని కొండలకు, తక్కువ ఒంటి వేడికి అలవాటు పడినవి. ఎండ మండిపోతే బయటికి రాకుండా బొరియల్లోనే ఉండిపోతాయి. పిల్లల్ని మోస్తూ తిండి దండిగా కావలసిన వసంతకాలంలోనే వేటాడే గంటలు తగ్గిపోతున్నాయి. కొండ పైకి జరుగుతూ పోవచ్చు, కానీ శిఖరం దాటాక జరగడానికి చోటు లేదు.

నమస్కారం.