గోడ అతుకు దగ్గరే మొదలవుతుంది

అందరికీ నమస్కారం.

ఇళ్లు కట్టేవాళ్లూ, కట్టించుకోబోయేవాళ్లూ ఇద్దరూ వచ్చారు. అందుకని సిప్ ప్యానెళ్లతో, అంటే మధ్యలో థర్మోకోల్ లాంటి ఫోమ్, రెండు వైపులా చెక్క షీట్లు ఉన్న పలకలతో, గోడ నిలబెట్టడం గురించి పని జరిగే చోట నిలబడి చెబుతున్నట్టే చెబుతాను.

ముందు వస్తువు గురించి. ఒక థర్మోకోల్ పలకను మోకాలికి ఆనించి నొక్కితే పుటుక్కున విరుగుతుంది. చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన 11 మిల్లీమీటర్ల ఓఎస్‌బీ షీటును నిలబెడితే వంగిపోతుంది. విడిగా రెండూ బలహీనమే. ఆ థర్మోకోల్‌కు రెండు వైపులా ఈ షీట్లను గట్టిగా అతికిస్తే మాత్రం అది ఇంటి పైకప్పును మోస్తుంది. గాలి తోసినప్పుడు ఒక షీటు నొక్కుడును తట్టుకుంటుంది, రెండోది లాగుడును తట్టుకుంటుంది. మధ్యలో ఫోమ్ ఆ రెండిటినీ ఎడంగా పట్టి ఉంచుతుంది. ఉక్కు ఐ-దూలం పనిచేసే తీరు ఇదే. అందుకే లోపల వరసగా నిలువు కర్రలు లేకపోయినా గోడ నిలుస్తుంది.

ఆలోచన పాతదే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల పరిశోధనశాల 1930లలోనే ప్యానెళ్లతో ఇల్లు కట్టి పరీక్షించింది. ఆల్డెన్ డౌ అనే ఆర్కిటెక్ట్ 1950లలో మధ్యలో ఫోమ్ ఉన్న ప్యానెళ్లతో ఇళ్లు కట్టాడు.

ఇక పనిలోకి వద్దాం. అన్నిటికన్నా ముందు పునాది మట్టం చూడాలి. ఇటుక గోడలో చిన్న తేడా వస్తే మేస్త్రీ సిమెంటు పొరలో సర్దేస్తాడు. ఇక్కడ సర్దడానికి పొర లేదు. ఫ్యాక్టరీలో కోసిన పలక కోసినట్టే నిలబడుతుంది. కింద కొద్దిగా ఎత్తుపల్లం ఉంటే పైన రెండు పలకల మధ్య సందు వి ఆకారంలో తెరుచుకుంటుంది. ఆ తేడా ఒక పలక నుంచి ఇంకో పలకకు పెరుగుతూ పోయి కిటికీ దగ్గర బయటపడుతుంది. అప్పుడు పడే టెన్షన్ కన్నా ముందురోజు రసమట్టంతో గడిపే రెండు గంటలు ఎంతో నయం.

పునాది మీద మొదట మందు పట్టించిన చెక్కను బోల్టులతో బిగిస్తాం. దాని వెడల్పు ప్యానెల్ మొత్తం మందానికి తగ్గకూడదు. దాని మీద ఇంకో సన్నపాటి చెక్క పడుతుంది. ప్యానెల్ అడుగున ఫోమ్ తీసేసిన గాడి ఉంటుంది కదా, అది ఈ చెక్క మీద కూర్చుంటుంది. ఇక్కడ ఒక తప్పు తరచుగా జరుగుతుంది. బయటి షీటు అంచు కింది చెక్క మీద ఆనకుండా గాలిలో వేలాడుతుంది. బరువు మోసేది షీట్లే, ఫోమ్ కాదు. అంచు ఆనకపోతే ఆ బరువంతా మేకుల మీదా జిగురు మీదా పడుతుంది. రెండు షీట్ల అంచులూ ఆనాయో లేదో వంగి, లైటు వేసి చూడండి.

మూల నుంచి మొదలుపెట్టాలి. రెండు ప్యానెళ్లు ఎల్ ఆకారంలో కలిస్తే ఒకదానికొకటి ఊతం. తూకం గుండు పట్టి నిలువు చూసుకుని, వాలు కర్రలు కొట్టి, ఆ తర్వాతే పక్క పలక ఎత్తాలి. రెండు పలకల మధ్య స్ప్లైన్ అనే బద్దె వాటి పక్క అంచుల్లో ఉన్న రెండు గాడుల్లోకీ వెళుతుంది. గట్టి చెక్క బద్దె పెడితే బలమే, కానీ దాని గుండా వేడి దాటుతుంది. బరువు ఎక్కువగా పడని చోట ఫోమ్ ఉన్న బద్దె మేలు. షీట్ల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలాలి, తేమకు ఓఎస్‌బీ ఉబ్బుతుంది. మేకుల గన్ను ఒత్తిడి తగ్గించుకోండి. మేకు తల షీటులోకి దిగబడిపోతే ఆ మేకు పట్టు సగం పోయినట్టే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన మాట. బద్దె దూర్చేముందు గాడిలో సీలెంట్, అంటే సందులు మూసే జిగురు లాంటి ముద్ద, తెగకుండా పూయాలి. అడుగున, పైన, మూలల్లో, ప్రతి అతుకులో. ఇది బయటికి కనిపించని పని కాబట్టి హడావిడిలో మొదట ఎగిరిపోయేది ఇదే. అలాస్కాలోని జూనో పట్టణంలో సిప్ పైకప్పులు కొన్ని అతుకుల వెంబడి కుళ్లిపోయాయి. పలక మధ్యభాగం మాత్రం బాగానే ఉంది. ఇంటిలోపలి వెచ్చని తేమ గాలి అతుకులోని సందుల గుండా వెళ్లి, చల్లగా ఉన్న బయటి షీటుకు తగిలి, చల్లటి గ్లాసు మీద చెమట పట్టినట్టు నీరైంది. ఆ నీరు ఆరే దారి లేదు. వేడి, ఉక్కపోత ఉండి లోపల ఏసీ నడిచే ఇంట్లో ఇదే తిరగబడుతుంది. తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. కాబట్టి ఏ వాతావరణమైనా సందు సందే. చలి ప్రాంతాల్లో సీలెంట్ ఒక్కటే చాలదు, లోపలి వైపు అతుకు మీద టేపు కూడా వేయాలి.

ఎలక్ట్రీషియన్‌తో ముందే కూర్చోండి. వైర్లకు ఫోమ్‌లో దారులు ఫ్యాక్టరీలోనే వదులుతారు. అలవాటు కొద్దీ గోడకు గాడి కొడతానంటే ఒప్పుకోవద్దు. అడ్డంగా షీటు కోస్తే ఆ గోడ బరువు మోసే శక్తినే కోసినట్టు. నీళ్ల పైపులు బయటి గోడల్లో అసలే వద్దు. లోపలి వైపు జిప్సమ్ బోర్డు తప్పనిసరి, అది మంట నుంచి ఫోమ్‌ను కాపాడే పొర.

గోడలు ఇంత బిగువుగా ఉన్నాక గాలి దానంతటది రాదు. వెంటిలేషన్ యంత్రాన్ని ప్లాన్‌లోనే పెట్టుకోవాలి. డబ్బు మిగలలేదని దాన్ని ఆపేస్తే ఆ ఇంట్లో ఉండేవాళ్లకు అన్యాయం.

జిప్సమ్ బోర్డు కొట్టకముందే తలుపుకు ఫ్యాను బిగించి ఇంట్లోని గాలిని బయటికి లాగే పరీక్ష చేయించండి. అప్పుడు అతుకుల దగ్గర తడి చెయ్యి పెడితే గాలి ఎక్కడ దూరుతోందో తెలిసిపోతుంది. ఈ బల్ల మీద రెండు నమూనాలు పెట్టాను. ఒక అతుక్కి సీలెంట్ పూశాను, రెండోదానికి పూయలేదు. వెనక చిన్న ఫ్యాను తిరుగుతోంది. వచ్చి చెయ్యి పెట్టి చూడండి, ఆ తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.