ఎం35ఏ2 ఆర్మీ ట్రక్కుకి స్పిన్-ఆన్ ఆయిల్ ఫిల్టర్ కిట్: ముందు ఆ పాత రింగు తీయండి

అందరికీ నమస్తే అండీ. స్పిన్-ఆన్ అంటే డబ్బాతో సహా చేత్తో తిప్పి బిగించేసే ఆయిల్ ఫిల్టర్. పాతకాలం ఫిల్టర్ల చోట అలాంటివి ఎక్కించడానికి వేసే అడాప్టర్ల కిట్ ఇది. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్‌ని అమ్మేవాళ్లే ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్లకి ముందుగా చూపించలేదు. కొలతలు, ధర వాళ్ల పేజీలోనే ఉన్నాయి, మళ్లీ చదివి మీ టైమ్ తినను.

బండి అమెరికన్ ఆర్మీవాళ్ల ఎం35ఏ2, రెండున్నర టన్నుల సిక్స్ బై సిక్స్, అంటే మూడు యాక్సిళ్లకీ ఇంజన్ శక్తి అందే బండి. ఇంజన్ ఎల్‌డీటీ-465 మల్టీఫ్యూయల్ (డీజిలే కాక వేరే ఇంధనాలతోనూ నడుస్తుంది), ఆరు సిలిండర్లు, 7.8 లీటర్లు, టర్బో ఉంది. అమెరికాలో సర్‌ప్లస్ వేలంలో ఇది కొన్న మనవాళ్లకి ఈ వీడియో పనికొస్తుంది. ఇండియాలో శక్తిమాన్ ఆర్మీ ట్రక్కు ఉన్నవాళ్లు అడుగుతారని చెబుతున్నా, దానికి ఇది పట్టదు. రెండు ఇంజన్ల మూలాలూ జర్మనీ మ్యాన్ కంపెనీ దగ్గరే ఉన్నా, ఫిల్టర్ హెడ్, అంటే ఇంజన్ మీద ఫిల్టర్లు బిగించే భాగం, వేరు.

ఈ ఇంజన్‌కి కంపెనీ ఇచ్చినవి రెండు క్యానిస్టర్లు, అంటే విప్పదీసే ఫిల్టర్ డబ్బాలు. లోపల ఎలిమెంటు (ఆయిల్ వడకట్టే భాగం), స్ప్రింగు, మధ్యలో పొడవాటి బోల్టు, పైన హెడ్ గాడిలో ఒక రబ్బరు రింగు. మనకి గండం ఆ రింగుతోనే. ఏళ్ల తరబడి వేడికి కాలి గట్టిపడి, నల్లగా గాడి అడుక్కి అతుక్కుపోతుంది. కింద నుంచి టార్చి కొట్టి చూసినా ఇనుములాగే కనిపిస్తుంది. రింగు లేదనుకుని కొత్తది దాని మీదే వేస్తారు. ఐడిల్‌లో చుక్క కారదు. చల్లటి ఇంజన్‌కి కాస్త రేస్ ఇవ్వగానే ఆయిల్ ప్రెషర్ పెరిగి పై రింగుని పక్కకి తన్నేస్తుంది. ఇక పంపు ఆయిల్ మొత్తం రోడ్డు మీద పోసేస్తుంది. ముందు టర్బో బేరింగు పోతుంది, ఆ వెంటనే క్రాంకు బేరింగులు. గేజ్ చూసి ఇంజన్ ఆపేలోపే పని అయిపోతుంది.

అందుకే స్పిన్-ఆన్ కిట్ వేస్తున్నా ఈ పని తప్పదు, ఎందుకంటే అడాప్టర్ రింగు కూర్చునేది కూడా అదే గాడిలో. సన్నటి పిక్ (సూదిమొన పనిముట్టు) తీసుకుని గాడి అడుగున గట్టిగా గుచ్చండి. మొన దిగబడితే రబ్బరు ఉన్నట్టే, టిక్కుమని జారితే ఇనుము. ఒక్కచోట చూసి వదలొద్దు, చుట్టూ గుచ్చుకుంటూ రండి. రింగు ముక్కలుగా ఊడుతుంది, ముక్కలన్నీ కలిపి పూర్తి చుట్టు వచ్చిందో లేదో బల్ల మీద పేర్చి చూసుకోండి. ఇంత ముఖ్యమైన విషయం కిట్‌తో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే. స్పేర్ రింగులు కూడా ఇవ్వలేదు.

మిగతాది తేలిక. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ దించండి, కింద పెద్ద ట్రే పెట్టండి, క్యానిస్టర్లలోనే నాలుగు క్వార్టుల దాకా, అంటే దాదాపు నాలుగు లీటర్లు ఉంటుంది. గాడి తుడిచి, కొత్త రింగుకి ఆయిల్ రాసి అడాప్టర్ బిగించండి. ఫిల్టర్లు నిలువుగా వేలాడతాయి కాబట్టి ముందే ఆయిల్‌తో నింపి ఎక్కించొచ్చు. రబ్బరు తాకిన తర్వాత చేత్తో ముప్పావు చుట్టు, అంతే. ఫిల్టర్ కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి, థ్రెడ్డు అడాప్టర్‌తో సరిపోవాలి. రెండు, బైపాస్ వాల్వు (ఎలిమెంటు గుండా ఆయిల్ పోలేనప్పుడు పక్కదారి ఇచ్చేది) ఫిల్టర్‌లోనైనా, హెడ్‌లోనైనా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎక్కడా లేకపోతే చలికి చిక్కబడ్డ ఆయిల్ ఎలిమెంటుని నలిపేస్తుంది.

మొత్తం 22 క్వార్టులు, అంటే దాదాపు 21 లీటర్లు, 15డబ్ల్యూ-40 గ్రేడు ఆయిల్ పోయండి. ఇప్పుడు ఇంజన్ స్టాప్ హ్యాండిల్ పూర్తిగా బయటికి లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. డీజిల్ వెళ్లదు, ఇంజన్ ఉత్తినే తిరుగుతుంది. పది పదిహేను సెకన్లు కొట్టి, స్టార్టర్ చల్లారనిచ్చి మళ్లీ. ప్రెషర్ ముల్లు కదిలాకే హ్యాండిల్ లోపలికి తోసి స్టార్ట్ చేయండి. ఐడిల్‌లోనే రెండు ఫిల్టర్ల పైఅంచూ వేలితో తడిమి చూసి, తర్వాతే రేస్ ఇవ్వండి.

ఇంతకుముందు దొరికిన పోత పోసిన అడాప్టర్ల ముఖం సమంగా ఉండేది కాదు, ఆకురాయితో రుద్దుకోవాల్సి వచ్చేది. ఈ కిట్‌లో మెషినింగ్ చాలా శుభ్రంగా ఉంది. రింగు కూర్చునే చోట వేలు పెడితే గీత తగలదు. అది నాకు బాగా నచ్చింది.

ఈ కిట్ వేసిన ఉత్సాహంలో చాలామంది ఫ్యూయల్ పంపు మీద చెయ్యి వేస్తారు. ఇంధనం సాంద్రతని బట్టి మోతాదు సరిచేసే డెన్సిటీ కంపెన్సేటర్‌ని బైపాస్ చేసి, స్క్రూ తిప్పి డీజిల్ పెంచేస్తారు. దయచేసి ఎగ్జాస్టుకి పైరోమీటర్ (పొగ వేడి చూపే గేజ్) లేకుండా ఆ పని చేయకండి. ఈ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్డు బ్లాకు చీల్చుకుని బయటికొచ్చే రకం. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్‌కి 2,600 ఆర్‌పీఎం పరిమితి ఊరికే పెట్టలేదు.

నా మాట: కాగితం సున్నా, కిట్ మాత్రం కొనండి. డీజిల్‌లో వాడేసిన ఆయిల్ కలిపి నడిపేవాళ్లయితే ఫిల్టర్ తరచూ మార్చాలి, ఈ కిట్ ఉంటే మార్చినప్పుడల్లా ఆ గాడితో కుస్తీ పట్టక్కర్లేదు. వేశాక మొదటి వారం రోజూ డిప్‌స్టిక్ చూడండి. మట్టం తగ్గితే రింగు అనుమానించండి. పెరిగి, డీజిల్ వాసన వస్తే అది ఫిల్టర్ తప్పు కాదు, ఇంజెక్షన్ పంపు నుంచి లోపలికి కారుతున్నట్టు. ఆ ఆయిల్‌తో బండి నడపొద్దు.