మీ ఊరి గురించి చెప్పండి

శ్రోతలకు నమస్కారం.

సివిల్ సర్వీసెస్ మెయిన్స్ గట్టెక్కి ఇంటర్వ్యూ పిలుపు అందుకున్న పిల్లలు మళ్లీ లావుపాటి పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. రాతపరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275. పుస్తకాల చదువును ఆ 1750లో ఇప్పటికే తూచేశారు. ఢిల్లీ షాజహాన్ రోడ్డులో యూపీఎస్సీ కార్యాలయమైన ధోల్‌పూర్ హౌస్‌లో, ఆ అరగంటా ఇంటర్వ్యూ బోర్డు ముందు ఉండేది మీరు స్వయంగా నింపి పంపిన దరఖాస్తు. మీ ఊరు, చదువు, చేసిన ఉద్యోగం, ఇష్టమైన వ్యాపకం అన్నీ అందులో ఉంటాయి. చాలా ప్రశ్నలు అక్కడే పుడతాయి.

ఊరి సంగతే చూడండి. మీది భూదాన్ పోచంపల్లి అనుకుందాం. ఊరి పేరులో ఆ ‘భూదాన్’ ఏమిటని అడగక మానరు. 1951 ఏప్రిల్ 18న గాంధేయవాది వినోబా భావే ఎదుట, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి పేదలకు 100 ఎకరాలు దానంగా ఇస్తానన్నారని మీరు చెబుతారు. బాగుంది. ఆ రోజు భూమి కావాలని అడిగింది ఎవరు? అప్పటికి తెలంగాణ రైతాంగ పోరాటం ఏ దశలో ఉంది? దానమిచ్చిన భూములు పేదల చేతికి నిజంగా అందాయా? ఒక్కొక్క ముడీ విప్పుతూ పోతారు. ఆపైన మీ ఊరికి పేరు తెచ్చిన ఇక్కత్ చీర. నేశాక రంగు అద్దరు, నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం పక్కన నిలబడి చూసిన వారు ఈ మాట చెబితే గొంతులోనే తెలిసిపోతుంది.

తెలియనిది అడిగితే ‘తెలియదండీ’ అనేయండి. ఊహించి చెప్పిన జవాబు మీద మరో ప్రశ్న పడితే నిలబడటం కష్టం.

మన పల్లెల పిల్లలకు ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. మెయిన్స్ తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూలోనూ తెలుగులోనే మాట్లాడవచ్చు. పక్కన దుభాషీ ఉంటారు. మీ మాట ఆయన నోటి మీదుగా బోర్డుకు చేరాలి కనుక, రెండు చిన్న వాక్యాలు చెప్పి ఆగడం నేర్చుకోవాలి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ సాధన చేయండి.

ఈ వారంలో ఒక సాయంత్రం పుస్తకం మూసి, ఊళ్లో పెద్దల దగ్గరకు వెళ్లండి. చెరువు ఎవరు తవ్వించారో, ఏ పంట ఎందుకు మానేశారో, ఏ ఇంటివాళ్లు ఏ పనికోసం ఊరు విడిచారో అడగండి. వాళ్లు చెబుతున్నంతసేపూ వినండి.

సెలవు.