బోవైన్‌లో వైన్ ఉండదు

(శ్రీకాకుళంలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సర్వీసు పొడుగునా నా మాట వింటూ నిలబడ్డవి ఎక్కువగా నాలుగు కాళ్ళవే. గుంజకి కట్టేసి ఉండేవి కాబట్టి మధ్యలో లేచి వెళ్ళేవి కావు. మీకా బాధ లేదు, టీ వచ్చిన వెంటనే లేవొచ్చు. బీపీ, షుగరు గురించి చెప్పడానికి మనుషుల డాక్టర్లు ఉండగా పశువుల డాక్టరుని ఎందుకు పిలిచారా అని కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. ఈ సీసా వల్ల పిలిచారు. ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను.

ఇది మా వదినది. మొన్న సంక్రాంతికి రాజాం వెళ్ళాను. కనుమ రోజు పొద్దున్నే ఆవిడ ఆవుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, చెయ్యి కడుక్కుని వచ్చి ఈ సీసాలోంచి రెండు క్యాప్సూల్స్ తీసి మింగింది. "ఏమిటి వదినా అది?" అన్నాను. "ఒంట్లో ఓపిక ఉండట్లేదంటే బాబు అమెరికా నుంచి పంపాడు. మందు కాదట, సప్లిమెంటట. సైడ్ ఎఫెక్టులేం ఉండవట" అంది.

సీసా మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఫోనులో ఫోటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి పైకి చదివాను. బోవైన్ అడ్రినల్. బోవైన్ థైమస్. బోవైన్ స్ప్లీన్. ఆవిడ ముఖం మాడిపోయింది. "అయ్యయ్యో, ఇందులో వైన్ కలిపారా మరిదిగారూ? ఆ వెధవ చెప్పనేలేదే!"

వైన్ అయినా బాగుండేది. బోవైన్ అంటే ఆవు జాతిది. అడ్రినల్ అంటే మూత్రపిండం మీద టోపీలా కూర్చుని ఉండే గ్రంథి. థైమస్ అంటే రొమ్ములో ఉండే ఇంకో గ్రంథి, స్ప్లీన్ అంటే ప్లీహం. ఆవు గ్రంథి ఎండబెట్టి పొడి చేసి గొట్టంలో నింపారు. కార్తీక సోమవారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషికి, అదీ కనుమ నాడు, గోపూజ చేసిన చేత్తో మింగాక ఆ మాట చెప్పాల్సి వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తినేవాళ్ళు తింటారు, తిననివాళ్ళు తినరు, ఎవరిష్టం వాళ్ళది. ఏం తింటున్నామో తెలియకుండా తినడం దగ్గరే నా పేచీ.

పేచీ మతాచారంతో ఆగదు. ఆ పొడి ఏ దేశపు ఆవుది, ఎన్నేళ్ళ ఆవుది, ఏ భాగం పక్కన ఏ భాగం కోశారు, ఇవేవీ సీసా మీద లేవు. ఈ ప్రశ్నలు అడగనందుకు ఒక దేశం ఎంత మూల్యం చెల్లించిందో మా వృత్తిలో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు. అదే మ్యాడ్ కౌ కథ.

ముందు ఒక పొరపాటు సరిచేసుకుందాం. మ్యాడ్ కౌ అనగానే మన ఊళ్ళలో పిచ్చికుక్క కరిచిన ఆవు అనుకుంటారు. అది రేబిస్, వేరే జబ్బు. దాన్ని నేను దగ్గరగా చూశాను. నరసన్నపేట వైపు ఒక రైతు, ఆవు గొంతులో తాటి టెంక ఇరుక్కుందని కబురు పంపాడు. వెళ్ళేసరికి చొంగ ధారగా కారుతోంది, అరుపు బొంగురుపోయింది. చొక్కా చేతులు మడిచి నోట్లో చెయ్యి పెట్టబోతుంటే, "పదిహేను రోజుల కింద వీధికుక్క కరిచింది బాబూ" అని వెనక నుంచి ఆ ఇంటి ముసలమ్మ అంది. ఆ ఒక్క మాటే లేకపోతే ఇవాళ ఇక్కడ మైకు ముందు వేరొకరు ఉండేవారు. రేబిస్‌కి వైరస్ ఉంది, టీకా ఉంది. మ్యాడ్ కౌకి ఈ రెండూ లేవు.

1986 నవంబరులో బ్రిటన్‌లో ఆవు మెదడు ముక్కని మైక్రోస్కోప్ కింద పెడితే స్పాంజిలా చిల్లులు చిల్లులుగా కనిపించింది. అందుకే దాని అసలు పేరులో స్పాంజిఫార్మ్ అన్న మాట ఉంది, పొట్టిగా బీఎస్ఈ అంటారు. ఆవులు తూలుతున్నాయి, బెదురుతున్నాయి, లేవలేక కూలబడుతున్నాయి. ఎందుకు వచ్చిందని వెతికితే మేత దొట్టి దగ్గర తేలింది. మన దగ్గర ఆవుకి ఏం పెడతాం? వరిగడ్డి, తవుడు, తెలగపిండి, కుడితి. వాళ్ళు పాలు పెరగాలని, కబేళాలో మిగిలిన ఎముకలు, మాంసం ఉడికించి, పొడి కొట్టి, దాణాలో కలిపారు. గడ్డి తినే జీవానికి తోటి జీవాన్నే తినిపించారు. ఒక జబ్బు ఆవు పొడి వంద దూడల దొట్లలోకి వెళ్ళింది.

1988లో ఆ మేత నిషేధించారు. ఈ జబ్బు పైకి కనిపించడానికి నాలుగైదేళ్ళు పడుతుంది కాబట్టి అప్పటికే తిన్నవి వరసగా పడుతూనే ఉన్నాయి. మొత్తం లక్షా ఎనభై వేలకి పైగా ఆవుల్లో నిర్ధారణ అయింది. 1990లో జాన్ గమ్మర్ అనే వ్యవసాయ మంత్రి టీవీ కెమెరాల ముందు తన నాలుగేళ్ళ కూతురి నోటికి బర్గర్ అందించి, గొడ్డుమాంసం భేషుగ్గా ఉందన్నాడు. ఆరేళ్ళు గడిచాక, 1996 మార్చి 20న, అదే ప్రభుత్వం పార్లమెంటులో లేచి, పడుచువాళ్ళలో వస్తున్న కొత్త మెదడు జబ్బుకి ఈ ఆవులతో సంబంధం ఉండొచ్చని ఒప్పుకుంది. బ్రిటన్‌లో ఆ జబ్బుతో 178 మంది పోయారు. కోట్లమంది తిన్నారు, పోయింది వందల్లో, అది అదృష్టమే. ఆ 178 ఇళ్ళ వాళ్ళ ముందు మాత్రం ఆ మాట అనలేం.

జబ్బుకి కారణం సూక్ష్మజీవి కాదు. ప్రియాన్ అనే ఒక ప్రొటీన్. ఆ పేరు పెట్టిన స్టాన్లీ ప్రూసినర్‌కి 1997లో నోబెల్ ఇచ్చారు. మన మెదడులో మామూలుగా ఉండే ప్రొటీనే, కాకపోతే మడత తప్పింది. మడత తప్పినది పక్కనున్న మంచిదాన్ని తాకితే అదీ మడత తప్పుతుంది. మన ఆడవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది: పాలల్లో తోడు వెయ్యడం లాంటిది. చెంచాడు తోడు, తెల్లారేసరికి కుండెడు పెరుగు. అయితే తోడుని మరిగిస్తే చస్తుంది. దీన్ని మరిగించినా పోదు. ప్రాణం ఉంటే కదా చావడానికి! ఫార్మలిన్‌లో నానబెట్టినా పోదు. ఆసుపత్రిలో కత్తెరలు ఉడికించే మామూలు వేడీ చాలదు. వదిన సీసాలోది ఎండబెట్టిన పొడి కాబట్టి క్రిములు చచ్చిపోయి ఉంటాయిలే అని మా అన్నయ్య అన్నాడు. ప్రియాన్‌కి ఎండబెట్టడం ఒక లెక్కలోది కాదు.

జబ్బు ఆవు ఒంట్లో ప్రియాన్లు ఎక్కువగా మెదడులో, వెన్నుపాములో, కళ్ళలో, టాన్సిల్స్‌లో, చిన్నపేగు చివర ఉంటాయి. పాల ద్వారా వచ్చిన దాఖలా లేదు, ఇంటికెళ్ళి కాఫీ మానెయ్యకండి. సప్లిమెంట్ల వాళ్ళకేమో మెదడు, గ్రంథుల్లాంటి భాగాలే నచ్చుతాయి. మెదడు చురుకుకి మెదడు పొడి, ఓపికకి అడ్రినల్, రోగనిరోధకానికి థైమస్. ఏది అరిగితే అది తిను అన్న లెక్క. ఆ లెక్కన బట్టతలకి ఏం తినాలో నాకు చెప్పండి, ముందు నేనే కొంటాను.

అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంటు బజారులోకి రావడానికి మందులాగ ముందస్తు అనుమతి అక్కర్లేదు. 2000లో స్కాట్ నార్టన్ అనే చర్మవైద్యుడు ఒక పెద్ద వైద్య పత్రికకి లేఖ రాశాడు. దుకాణంలో తను చూసిన ఒకే ఒక్క సప్లిమెంటులో 17 రకాల ఆవు అవయవాలు ఉన్నాయని. ఐరోపా నుంచి ఆవుమాంసం రాకుండా గేట్లు మూసిన దేశం, మాత్రలోకి వచ్చే మెదడు పొడిని పట్టించుకోలేదేమని ఆయన అడిగాడు. 2003 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో కెనడా నుంచి వచ్చిన ఒక ఆవుకి జబ్బు బయటపడింది. 2004 జులైలో నిబంధన తెచ్చారు: ముప్పై నెలలు దాటిన ఆవు మెదడు, వెన్నుపాము, కళ్ళు లాంటివి, ఏ వయసు ఆవువైనా టాన్సిల్స్, చిన్నపేగు చివరి భాగం ఆహారంలో గానీ, సప్లిమెంట్లలో గానీ, కాస్మెటిక్స్‌లో గానీ వాడకూడదు.

కాబట్టి వదిన సీసాలో ఇవాళ మ్యాడ్ కౌ ఉందని నేను అనను. అవకాశం చాలా తక్కువ. మన దేశంలో ఈ జబ్బు బయటపడలేదు, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కూడా మనల్ని అతి తక్కువ రిస్కు ఉన్న దేశాల్లో పెట్టింది. అలమండ సంతలో ఆవుని కొనేవాళ్ళు నిశ్చింతగా పళ్ళు చూసి, పొదుగు చూసి కొనుక్కోవచ్చు. ఆ సీసాతో నాకు భయం వేసింది ఇంకో కారణానికి. గ్రంథి పొడి అంటే హార్మోన్లు ఉండే చోటు. 2018లో అమెరికా పరిశోధకులు అడ్రినల్ పేరుతో అమ్మే 12 సప్లిమెంట్లు కొని పరీక్ష చేస్తే, పన్నెండింటిలోనూ థైరాయిడ్ హార్మోన్ దొరికింది, కొన్నింటిలో స్టీరాయిడ్లు దొరికాయి. లేబుల్ మీద ఒక్కదానికీ ఆ సంగతి లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి తెలియకుండా థైరాయిడ్ హార్మోన్ మింగితే గుండె దడ వస్తుంది. మన వదిన "ఓపిక వచ్చింది, రాత్రి నిద్ర పట్టట్లేదు గానీ" అంటోంది! మర్నాడే రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8. ఓపిక లేకపోవడానికి కారణం అదీ. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు సీసా ఖర్చులో పదో వంతు కాలేదు.

ఇక మనలో చాలామంది ఇళ్ళలో ఉండేవి. మోకాళ్ళ నొప్పులకి గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ కలిపిన మాత్రలు. గ్లూకోసమిన్ ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు, మన తీరంలో ఒలిచి పారేసే పెంకులాంటిదే. రొయ్య పడనివాళ్ళు డాక్టరుకి చెప్పి వాడాలి. కాండ్రాయిటిన్ ఆవు శ్వాసనాళపు మృదులాస్థి నుంచో, పంది నుంచో, సొరచేప నుంచో వస్తుంది. కొలాజెన్ పొడి తోలు నుంచి, చేప పొలుసు నుంచి. విటమిన్ డి3 చాలావరకు గొర్రె ఉన్ని జిడ్డు నుంచి. అది విని భయపడకండి, గొర్రెకి స్నానం చేయించినంత పనే, దాని ప్రాణం పోదు.

క్యాప్సూల్ గొట్టం జెలటిన్. ఎముకలు, తోళ్ళ నుంచి చేస్తారు. ఎముకలని జిడ్డు తీసి, యాసిడ్‌లో నానబెట్టి, సున్నపు నీళ్ళలో వారాల తరబడి ఉంచి, ఆఖర్న బాగా వేడి చేస్తారు. ఇన్ని దెబ్బలు తిన్నాక ప్రియాన్ ఉండే అవకాశం బాగా తగ్గిపోతుందని పరీక్షల్లో తేలింది. గొట్టం గురించి టెన్షన్ వద్దు. శాకాహారులకి మొక్కల సెల్యులోజ్‌తో చేసిన గొట్టాలూ ఉన్నాయి, అడగండి. ఇక్కడ అమ్మే సప్లిమెంటు మన చట్టం ప్రకారం ఆహారం కిందకే వస్తుంది. డబ్బా మీద మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి, శాకాహారమైతే ఆకుపచ్చ చుక్కో, మాంసాహారమైతే గోధుమరంగు త్రికోణమో ఉండాలి. మందుల షాపు మందులకి ఆ చుక్క తప్పనిసరి కాదు. సూట్‌కేసులో వచ్చిన సీసాకి ఆ నంబరూ ఉండదు, ఆ చుక్కా ఉండదు. పిల్లలు ప్రేమతో పంపుతారు, అది నిజమే. ప్రేమకి ల్యాబ్ రిపోర్టు ఉండదు.

"సహజమైనది కాబట్టి హాని లేదు" అనే వాళ్ళకి ఒక కథ. హెపారిన్ అనే రక్తం పలుచన చేసే మందు పంది పేగు నుంచి తీస్తారు. 2008లో చైనా నుంచి వచ్చిన ముడిసరుకులో కాండ్రాయిటిన్‌ని రసాయనికంగా మార్చి కల్తీ చేశారు. చవగ్గా వస్తుంది, పైగా మామూలు పరీక్షకి దొరకదు. అమెరికాలో పదుల సంఖ్యలో మరణాలకి దానితో సంబంధం ఉందని అనుమానించారు. అది ఆసుపత్రిలో వాడే, అడుగడుగునా పరీక్ష చేసే మందు. మన పక్కింటాయన మెంబర్‌షిప్ తీసుకుని, పాయింట్ల కోసం అమ్మే డబ్బాకి అన్ని పరీక్షలు ఉంటాయా? ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే మరీ మరీ చెబుతున్నాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ప్రొటీన్ పొడి అయినా, శక్తి చూర్ణమైనా డాక్టరుకి చూపించకుండా నోట్లో వెయ్యొద్దు. డయాలసిస్‌కి వెళ్ళే రోజున ఆ డబ్బా సంచీలో వేసుకెళ్ళండి, అక్కడ చదివిపెడతారు.

వదిన ఇప్పుడు మాట్లాడుతోంది. సీసాని చెత్తబుట్టలో పడెయ్యబోతే నేనే అడిగి తెచ్చుకున్నాను, ఇలాంటి సభల కోసం. టీ వచ్చినట్టుంది. భూతద్దం కూడా తెచ్చాను, వరసగా వచ్చి లేబుల్ చదవండి. మూత మాత్రం తియ్యకండి. ఆ వాసన తగిలాక టీ దిగదు.