రావి చెట్టు బోన్సాయ్‌కి పనికొస్తుందా? పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు రివ్యూ రావి మొక్క గురించి. గోడ పగుల్లో పిడికెడు మట్టి లేకపోయినా మొలిచే ఈ చెట్టు బోన్సాయ్‌గా, అంటే కుండీలో పొట్టిగా పెంచే చెట్టుగా, ఎలా ఉంటుంది? నా మాట ముందే చెప్పేస్తాను. మానుకీ వేళ్లకీ నూటికి నూరు మార్కులు. కొమ్మల విషయంలో మాత్రం బాగా ఓపిక కావాలి.

రావి అనగానే అందరూ ఆకు సంగతే అడుగుతారు. మామూలు ఆకు 10 నుంచి 17 సెంటీమీటర్లు, పైగా పొడుగాటి తొడిమ, చివర తోక. ఇంత ఆకుతో చిన్న చెట్టు ఎలా అవుతుంది? అవుతుంది. కానీ ఆకును చిన్నది చేయడం చివర్లో చేయాల్సిన పని. చాలామంది దాంతోనే మొదలుపెడతారు. పెన్సిల్ మందం మొక్కను చిన్న కుండీలో పెట్టి ఆకులు తుంచేస్తుంటారు. మానుకి తిండి వండిపెట్టేది ఆ పెద్ద ఆకులే కదా, అవి లేకపోతే మాను ఎప్పటికీ లావెక్కదు. అందుకే ముందు నేలలోనో పెద్ద కుండీలోనో, మంచి ఎండలో, స్వేచ్ఛగా పెరగనివ్వండి.

కావలసిన మందం వచ్చాక, వెచ్చగా ఉండి బాగా చిగురిస్తున్న రోజుల్లో కోయండి. ఇక్కడ జాగ్రత్త. రావి కొమ్మ కోసిన చోటు నుంచి వెనక్కి ఎండుతూ వచ్చే గుణం ఎక్కువ. కోత కింద పచ్చటి ఆకో చిగురో ఉండేలా చూసుకుని, కాస్త పొడుగ్గానే వదలండి. కొత్త చిగుళ్లు ఎక్కడొచ్చాయో చూశాక మిగతాది సరిచేయొచ్చు. కోయగానే పాలు కారతాయి, నీళ్లు చిమ్మితే తగ్గుతాయి. కొందరి చర్మానికి పడవు, గ్లవ్స్ వేసుకోండి.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. కొమ్మ కొసన మొనదేలిన మొగ్గ, దానిమీద పల్చటి తొడుగు. ఆకు విచ్చుకోకముందే దీన్ని పట్టుకారుతో గిల్లేయాలి. అప్పుడు కింది కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. ఒక కొస రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఉన్న బలాన్ని అన్ని కొసలూ పంచుకోవాలి కాబట్టి ఆకు దానంతటదే చిన్నదవుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే!

కొమ్మలు ఒత్తుగా వచ్చాకే ఆకులు కత్తిరించే పని. తొడిమ ఉంచి ఆకు మాత్రమే తీయండి. తొడిమ ఎండి తనే రాలిపోతుంది, దాని మొదట్లో ఉన్న మొగ్గకు దెబ్బ తగలదు. ఏపుగా ఉన్న చెట్టుకే ఇలా చేయాలి, కుండీ మార్చిన వెంటనే అసలు వద్దు. ఆకుల్లేని చెట్టు నీళ్లు తక్కువ తాగుతుంది. ఎప్పటిలాగే పోస్తూ ఉంటే వేరు కుళ్లుతుంది.

కొమ్మల్ని కావలసిన వంపులో ఉంచడానికి వాటికి చుట్టే వైర్ సంగతి త్వరగా చెప్తాను. అల్యూమినియం వైర్ చాలు. లేత కొమ్మ ఎటు వంచితే అటు వంగుతుంది, ముదిరితే మొండికేస్తుంది. ఇది గబగబా లావెక్కే చెట్టు, వైర్ బెరడులోకి దిగిపోతుంది, వారం వారం చూస్తూ ఉండండి. తీసేటప్పుడు విప్పకండి, ముక్కలుగా కత్తిరించండి.

మరి ఎవరు పెంచాలి? రెండడుగులకు తగ్గకుండా పెద్ద బోన్సాయ్ పెట్టుకునే చోటు, మంచి ఎండ ఉన్నవాళ్లు తప్పకుండా పెంచండి. రాయిని వేళ్లతో చుట్టుకున్న రావిని చూస్తే కళ్లు తిప్పుకోలేరు. అరచేతిలో పట్టే చెట్టు కావాలంటే మాత్రం ఇది వద్దు, రావికి చుట్టమే అయిన, చిన్న ఆకుల ఫైకస్ మైక్రోకార్పా అనే చెట్టు తీసుకోండి. గడ్డకట్టే చలి ఉన్నచోట చలికాలంలో లోపల పెట్టాల్సిందే.

కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి. పైమట్టి కాస్త పక్కకు తోసి వేళ్లు చూడండి. నాలుగు పక్కలా పరుచుకుని ఉంటే తీసుకోండి, అన్నీ ఒకే వైపు ఉంటే ఆ మొక్క వదిలేసి ఇంకోటి చూడండి.