బోర్లాపడితే బొబ్బట్లు, మరి పాకకపోతే?

అందరికీ నమస్కారమండీ. మా మనవడికి మొన్ననే తొమ్మిదో నెల వెళ్ళింది. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కితే చాలు, ఎవరో ఒకరు "ఏటమ్మా, గుంటడు ఇంకా పాకట్లేదా, మావోడు ఏడో నెలకే ఇల్లంతా చుట్టేసీవోడు" అంటారు, ఇక ఇది ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది, రాత్రి రెండింటికి లేచి చూసినా అదే వెతుకుడు.

మన పాతవాళ్ళు బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, పలుకులకి చిలకలు అని పంచారు గానీ ఫలానా నెలలోనే పంచాలని అనలేదు కదండీ. డాక్టర్ల లెక్కా ఇంచుమించు అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి 5 దేశాల పిల్లల్ని చూసి 2006లో చెప్పిందేంటంటే, ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడవడం 8 నుంచి 17 నెలలు దాటే దాకా ఎప్పుడైనా రావొచ్చట. వందలో నలుగురైతే మోకాళ్ళ మీద అసలు పాకనే లేదు!

మావాడూ అంతే, పిర్రల మీద జరుగుతాడు. కానీ వాడి చేతులు చూడాలండీ. ఆరో నెలలో ఏదైనా గుప్పిటతో లాగేవాడు, ఇప్పుడు చాప మీద ఒక్క మరమరం కనపడితే బొటనవేలూ చూపుడువేలూ కలిపి పడతాడు, రెండుసార్లు జారిపోయింది, మూడోసారి దొరికింది, నేను లేచేలోపు నోట్లోకే. అందుకే పల్లీలు, సెనగలు, చిన్న బ్యాటరీలు కింద వదలకండి బాబూ.

ఇంకోటి, ఏటికొప్పాక గిలక్కాయ ఉంది వాడికి. అప్పట్లో తువ్వాలు కప్పేస్తే అది లేనే లేదన్నట్టు వేరేవైపు చూసేవాడు, ఇప్పుడు తువ్వాలు లాగి పడేసి మరీ తీసుకుంటాడు. కనపడకపోయినా ఉంటుందని తెలిసింది కదా, అందుకే వాళ్ళమ్మ బాత్రూమ్‌లోకెళ్తే తలుపు దగ్గర ఒకటే ఏడుపు, కొత్తవాళ్ళు ఎత్తుకున్నా అంతే. మొండితనం కాదండీ అది, తెలివే.

అలాగని అన్నిటికీ 'అదే వస్తుందిలే' అనుకోకండి. తొమ్మిది నెలలు నిండినా కూర్చోలేకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోతే, బాబా దాదా అని గొణగకపోతే, ఒక చెయ్యే వాడుతుంటే, ఒకసారి వచ్చిన పని మళ్ళీ చెయ్యడం మానేస్తే డాక్టర్‌కి చూపించండి. తట్టు, రుబెల్లా టీకాకి ఎలాగూ తొమ్మిది నెలలు నిండాక వెళ్తారు, అప్పుడే అడిగేయొచ్చు. నెల తక్కువ పిల్లలకైతే పుట్టిన రోజు నుంచి కాదు, డాక్టర్ చెప్పిన డెలివరీ డేట్ నుంచి లెక్కపెట్టాలి. ఆ చక్రాల వాకర్ మాత్రం కొనకండి, దాంతో నడక త్వరగా రాదు సరికదా మెట్ల మీంచి దొర్లే ప్రమాదం.

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఇసకలో కూర్చోబెడితే పిర్రల మీదే జరుక్కుంటూ మొక్కజొన్న పొత్తుల బండి వైపు బయల్దేరాడు. దీనికేం పిండివంట పంచాలో మా వియ్యపురాలిని అడగాలి.