వాళ్లు కలిసి ఓటేసిన రోజులు

అధ్యక్షులకీ, వేదిక మీది పెద్దలకీ, సభకి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

అమెరికా రాజకీయాల మీద మాట్లాడమంటే మన దగ్గర ముందుగా వచ్చే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. "ఎవరొస్తే మన పిల్లలకి మంచిదండీ?" డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ హాల్లో కూడా చాలామందే ఉంటారు. అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు, దాని దగ్గరికి వస్తాను. అయితే టీవీల్లో మనకి కనబడేది డెమొక్రాట్లు, రిపబ్లికన్లు అనే రెండు పార్టీలూ తిట్టుకునే అమెరికా. నేను ఈ సాయంత్రం ఆ రెండు పార్టీలూ కలిసి ఓటేసిన రోజుల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. పెత్తనం ఎవరిదో తెలియాలంటే, ప్రత్యర్థులకి ఏ విషయంలో పేచీ రాదో చూడాలి.

2022 డిసెంబరు తీసుకోండి. అక్కడ గూడ్సు రైళ్లు నడిపేది ప్రైవేటు కంపెనీలు. లక్షకు పైగా కార్మికులు, 12 యూనియన్లు. వేతన ఒప్పందం మీద బేరాలు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి జీతాల దగ్గర కాదు, జబ్బు సెలవు దగ్గర పేచీ వచ్చింది. జ్వరమొస్తే జీతం పోకుండా ఇంట్లో ఉండటానికి ఆ ఒప్పందంలో ఒక్కరోజు సిక్ లీవు కూడా లేదు. కంపెనీలేమో సిబ్బందిని తెగ్గోసి, మిగిలినవాళ్లని ఎప్పుడు ఫోన్ చేస్తే అప్పుడు డ్యూటీకి రమ్మంటున్నాయి. బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే కంపెనీ హాజరుకి పాయింట్ల పద్ధతి కూడా పెట్టింది. తలా 30 పాయింట్లు ఇస్తారు, రానప్పుడల్లా కోసేస్తారు, అయిపోతే క్రమశిక్షణ చర్య. ఆ కంపెనీ వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ హాథవేది. ధనవంతుల మీద పన్ను పెంచాలని పేపర్లలో వ్యాసాలు రాసిన పెద్దమనిషి ఆయనే.

నాలుగు యూనియన్ల సభ్యులు ఆ ఒప్పందాన్ని ఓడించారు. ఇక సమ్మె తప్పదనుకున్నారు. కానీ రైల్వే కార్మికులకి 1926 నాటి ప్రత్యేక చట్టం ఒకటుంది. దాని ప్రకారం సాగిన బేరం తెగకపోతే కాంగ్రెస్, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అక్కడి పార్లమెంటు, జోక్యం చేసుకుని ఒప్పందాన్ని నెత్తిన రుద్దవచ్చు. యూనియన్లని తనంతగా సమర్థించిన అధ్యక్షుడు లేడని చెప్పుకునే జో బైడెన్, ఆ పని చెయ్యమని తనే కాంగ్రెస్‌ని అడిగారు.

తర్వాత జరిగింది జాగ్రత్తగా గమనించండి. ప్రతినిధుల సభలో దాన్ని రెండు ముక్కలు చేశారు. ఒప్పందం ఒక తీర్మానం, ఏడు రోజుల సిక్ లీవు వేరే తీర్మానం. ఒప్పందం అక్కడ 290–137తో, సెనేట్‌లో 80–15తో నెగ్గింది. సిక్ లీవుకి సెనేట్‌లో 52 ఓట్లొచ్చాయి, వ్యతిరేకంగా 43. మనకైతే అది గెలుపే. అక్కడ మాత్రం 60 కావాలన్నారు, కాబట్టి ఓడింది. పాలకపక్షమైన బైడెన్ గారి డెమొక్రాట్లు ఆ రెంటినీ ఒకే బిల్లులో పెట్టి ఉంటే కంపెనీలకి కావలసింది కార్మికులకి కావలసిందాన్ని వదిలి ముందుకి కదిలేది కాదు. విచిత్రమేమిటంటే టెడ్ క్రూజ్, మార్కో రూబియో లాంటి రిపబ్లికన్లు సిక్ లీవుకి ఓటేశారు, జో మాన్చిన్ అనే డెమొక్రాట్ వెయ్యలేదు. డిసెంబరు 2న బైడెన్ సంతకం పెట్టారు. సమ్మె చట్టవిరుద్ధమైపోయింది. తర్వాతి ఏడాది కొన్ని కంపెనీలు కొన్ని యూనియన్లకి సిక్ లీవులు ఇచ్చాయి, అందులో ప్రభుత్వం మాటసాయం కూడా ఉంది. అది దాచను. కానీ హక్కుగా రావలసింది దయగా వచ్చింది.

ఇది బైడెన్ ఒక్కడి గుణం కాదు. 1947లో టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం ఒక చోటి కార్మికులకి మద్దతుగా ఇంకో చోటివాళ్లు చేసే సమ్మెల్ని నిషేధించింది. అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేస్తే, ఆయన సొంత డెమొక్రాట్లే చాలామంది రిపబ్లికన్లతో కలిసి ఆ వీటోని కొట్టేశారు. జనం డిపాజిట్లతో వాల్‌స్ట్రీట్ జూదమాడకుండా 1933లో కట్టిన గోడని 1999లో పడగొట్టారు. సెనేట్‌లో 90–8. సంతకం క్లింటన్‌ది. తొమ్మిదేళ్లకి బ్యాంకులు కూలాయి. ఆ రద్దు ఒక్కటే కారణం అనను, ఆర్థికవేత్తలకి దాని మీద వాదనలున్నాయి. కానీ కూలిన బ్యాంకుల్ని నిలబెట్టడానికి 2008 అక్టోబరులో 70,000 కోట్ల డాలర్లు కేటాయించినప్పుడు ఇరుపార్టీల నాయకులూ ఒకే మాట మీద ఉన్నారు. ఇళ్లు జప్తయిన లక్షలాది కుటుంబాల విషయంలో ఆ తొందర లేదు. కేంద్ర కనీస వేతనం గంటకి 7.25 డాలర్ల దగ్గర ఆగింది 2009 జులైలో. 2021లో దాన్ని 15కి పెంచుదామని బెర్నీ శాండర్స్ సవరణ పెడితే 58 మంది కాదన్నారు. వాళ్లలో ఎనిమిది మంది డెమొక్రాట్ల వైపు కూర్చునేవాళ్లే.

మరి మూడో పార్టీ ఎందుకు రాదు? వచ్చింది. రైలుకూలీల నాయకుడు యూజీన్ డెబ్స్ 1912లో సోషలిస్టుగా నిలబడి దాదాపు ఆరు శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. 1918లో ఒహాయోలోని కాంటన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు పదేళ్ల శిక్ష వేశారు. 1920లో అట్లాంటా జైల్లో ఖైదీగా ఉండి పోటీ చేస్తే 9 లక్షలకు పైగా జనం ఓటేశారు. జైల్లో పెట్టింది డెమొక్రాట్ విల్సన్ ప్రభుత్వం, మరుసటి ఏడు వదిలిపెట్టింది రిపబ్లికన్ హార్డింగ్. మన కనిగిరి నుంచి వెళ్లి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో చదువుతూ, బ్రిటిష్ పాలనని కూలదోయాలన్న గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్యగారి కాలం కూడా అదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ విప్లవకారుల మీద కుట్ర కేసు నడిపిందీ ఆ విల్సన్ ప్రభుత్వమే.

ఇప్పుడు జైలు అవసరం లేదు, పద్ధతే సరిపోతుంది. 1992లో రాస్ పెరో అనే కోటీశ్వరుడు దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. కానీ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు, దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ మొదట వచ్చినవాడికే అవన్నీ పోతాయి. ఆ 538లో ఆయనకి దక్కింది సున్నా. డబ్బున్నవాడి గతే అది. పైగా 2010లో సుప్రీంకోర్టు కార్పొరేట్ల ఎన్నికల ఖర్చుకి గేట్లు ఎత్తేసింది.

అలాగని "దొందూ దొందే" అని చేతులు దులుపుకునే వామపక్షం నాకు నచ్చదు. గర్భస్రావ హక్కుని 2022లో కొట్టేసిన ధర్మాసనంలో ముగ్గుర్ని కూర్చోబెట్టింది ట్రంప్. జార్జియాలో గంటల తరబడి క్యూలో నిలబడి డెమొక్రాట్లకి ఓటేసే నల్లజాతి మహిళకి ఆ తేడా బాగా తెలుసు, ఆమెకి మనం పాఠాలు చెప్పనక్కర్లేదు. తేడా ఉంది. యజమాని జేబు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది.

ఎక్కడ ఆగిపోతుందో సియాటిల్‌లో స్పష్టంగా కనబడింది. అమెజాన్ ఉన్న ఊరు, పక్కనే మైక్రోసాఫ్ట్, మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న ప్రాంతం. రిపబ్లికన్లు నామమాత్రం. 2018 మే 14న నగర కౌన్సిల్ ఇళ్లులేనివాళ్లకి గూడు కట్టడానికి పెద్ద కంపెనీల మీద ఉద్యోగికి ఏటా 275 డాలర్ల పన్ను వేసింది. ఏకగ్రీవంగా, 9–0. అంతకు ముందే అమెజాన్ ఒక టవర్ నిర్మాణం పనులు ఆపుతున్నానని ప్రకటించింది. నెల తిరక్కుండానే, జూన్ 12న, అదే కౌన్సిల్ 7–2తో ఆ పన్నుని రద్దు చేసింది. ఒక్క రిపబ్లికన్ చెయ్యి కూడా పడలేదు. రద్దు వద్దన్న ఇద్దరిలో ఒకరు క్షమా సావంత్, పుణెలో పుట్టిన సోషలిస్టు, రెండు పార్టీలకీ బయట నిలబడి గెలిచిన మనిషి. 2019 నగర ఎన్నికల్లో అమెజాన్ సుమారు 15 లక్షల డాలర్లు కుమ్మరించింది. అయినా ఆమె గెలిచింది. తర్వాతి ఏడాది అంతకన్నా పెద్ద పన్నే వేయించారు. వీధుల్లో జనం ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది.

కులవివక్షని నిషేధించిన మొదటి అమెరికా నగరం సియాటిల్. 2023 ఫిబ్రవరిలో ఆ తీర్మానం పెట్టిందీ క్షమా సావంతే. కాలిఫోర్నియా శాసనసభ కూడా అలాంటి బిల్లు పాస్ చేస్తే, అదే ఏడాది అక్టోబరులో వీటో చేసింది డెమొక్రాట్ గవర్నర్ గావిన్ న్యూసమ్. మన అగ్రకుల సంఘాల్లో కొందరికి ఆ రోజు పండగైంది. ఇక్కడి కులం, అక్కడి డాలరు ఎంత చక్కగా ఒదిగిపోయాయో చూడండి.

ఇప్పుడు మీ పిల్లల సంగతి. అక్కడ ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసా 1990 చట్టంతో వచ్చింది. కాంగ్రెస్ డెమొక్రాట్లది, సంతకం పెద్ద బుష్‌ది. ఆ వీసాకి దరఖాస్తు చేసేది మీ అబ్బాయో అమ్మాయో కాదు, కంపెనీ. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదా సర్దుకోవాలి. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న పరిమితి వల్ల ఈ బెదురు ఏళ్ల తరబడి సాగుతుంది. బెదురుతో ఉన్న ఇంజనీరు జీతం పెంచమని గట్టిగా అడగడు, యూనియన్ మాట ఎత్తడు. 2024 డిసెంబరులో ట్రంప్ మనుషులు రెండు వర్గాలై కొట్టుకున్నప్పుడు ఈ వీసాల్ని వెనకేసుకొచ్చింది ఎలాన్ మస్క్. మన పిల్లల మీద ప్రేమతో కాదు. మరుసటి సెప్టెంబరులో ట్రంపే కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టమన్నారు. ఒకరు తలుపు తెరుస్తారు, ఒకరు మూస్తారు. వీసాని యజమాని చేతిలోంచి తీసి పనిచేసేవాడి చేతిలో పెట్టే చట్టాన్ని మాత్రం ఏ పార్టీ చెయ్యలేదు. కాబట్టి ఎవరొస్తే మంచిదని అడిగిన అమ్మకి నా జవాబు: ఎవరొచ్చినా మీ పిల్లవాడికి పక్క సీటులో కూర్చున్న తెల్లవాడితో, నల్లవాడితో కలిసి యూనియన్ కట్టే ధైర్యం వస్తే మంచిది.

చివరగా న్యూయార్క్. డెమొక్రటిక్ సోషలిస్టునని చెప్పుకునే జోహ్రాన్ మమ్దానీ 2025 నవంబరులో అక్కడ మేయర్‌గా గెలిచాడు. డెమొక్రాట్ టికెట్టు మీదే. బయట ఉండి కొట్టాలా, లోపలికి దూరి కొట్టాలా అన్నది అక్కడి వామపక్షంలో డెబ్స్ కాలం నుంచీ ఉన్న తగువు. ఈ ఒక్క గెలుపుతో అది తీరదు. ఆ రాష్ట్రానికే చెందిన డెమొక్రాట్ సెనేట్ నేత చక్ షూమర్ చివరిదాకా అతనికి మద్దతు ప్రకటించలేదు. ఓడిపోయిన ఆండ్రూ క్యూమో డెమొక్రాట్ పార్టీ మాజీ గవర్నర్. పోలింగ్ ముందు రోజు ఆయనకి ఓటేయమని చెప్పింది ఎవరో తెలుసా? ట్రంప్. పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద అదనంగా రెండు శాతం పన్ను మమ్దానీ వాగ్దానం. అది వేసే అధికారం మేయర్‌కి లేదు, ఆల్బనీలోని రాష్ట్ర ప్రభుత్వానిది. అక్కడ రెండు సభల్లోనూ మెజారిటీ డెమొక్రాట్లదే. ఎన్నికల్లో అతన్ని సమర్థించిన గవర్నర్ క్యాథీ హోకుల్, ఆదాయపు పన్ను పెంచనని ప్రచారం నాడే చెప్పేశారు.

ప్రశ్నలుంటే అడగండి. నమస్కారం.